సైకిల్ మీద సద్దిమూట

(మొదటిసారి 200 కిలోమీటర్ల రైడ్‌కు సిద్ధమవుతున్న సైకిలిస్టుల కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు రండి. మైకు పక్కన పెట్టేస్తాను, నాకు అలవాటు లేదు. ముప్పై ఏళ్ళుగా సర్కారు బడిలో లెక్కలు చెబుతున్నాను, గొంతుకేం ఢోకా లేదు. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్ళు "మేడమ్, న్యూట్రిషన్ గురించి మాట్లాడండి" అన్నారు. నేను డాక్టర్ని కాను, డైటీషియన్నీ కాను. నలభై మూడో ఏట సైకిల్ ఎక్కాను, ఇప్పుడు యాభై నాలుగు. ఈ పదకొండేళ్ళలో రోడ్డు మీద తిని బాగుపడినవీ, తిని కక్కుకున్నవీ నాకు బాగా గుర్తున్నాయి. చెప్పేది వాటి గురించే.

200 కిలోమీటర్ల రైడ్‌కి మీకిచ్చే సమయం పదమూడున్నర గంటలు. పొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రి ఏడున్నరలోపు, రైడ్ పూర్తిచేశామని చూపించే కార్డు మీద చివరి ముద్ర పడాలి. ఇంట్లో ఉన్న రోజున ఆ పదమూడున్నర గంటల్లో మనం ఏమేం తింటామో లెక్కేసుకోండి. టిఫిన్, పదకొండింటికి చాయ్, భోజనం, నాలుగింటికి ఏదో ఒకటి, మధ్యలో డబ్బా మూత తీసి రెండు మురుకులు. కుర్చీలో కూర్చున్నందుకే ఇంత తింటాం. అదే సైకిల్ ఎక్కి రోజంతా తొక్కే రోజున మాత్రం రెండు బిస్కెట్లూ ఒక అరటిపండూ చాలనుకుంటాం. ఇదెక్కడి లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు. మీ సంగతి ఎందుకు, నేనూ అదే చేశాను.

నా మొదటి 200 శ్రీశైలం రోడ్డు మీద. తుక్కుగూడ దాటి, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి మీదుగా డిండి వైపు వెళ్ళి రావాలి. జేబులో ఆరు జెల్లు ప్యాకెట్లున్నాయి, తొక్కుతూ నోట్లో పిండుకునే తియ్యటి పాకం లాంటివి. ఎవరో కొనమంటే కొన్నాను, ఒక్కోటి నూట ఇరవై రూపాయలు. అంత ఖరీదైనవి ఊరికే తినేస్తామా? అవసరం పడ్డప్పుడు వాడదామని దాచుకున్నాను. (నవ్వులు) పట్టుచీర బీరువాలో దాచినట్టు! పోతున్నప్పుడు ఆకలి కాలేదు, అందుకని తినలేదు. తిరిగి వస్తుంటే వెల్దండ దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నొప్పి లేదు. తిప్పమంటే తిరగవు, అంతే. కళ్ళు బైర్లు కమ్మాయి, చెమట చల్లబడింది. ఒక చింతచెట్టు కింద సైకిల్ పడేసి కూర్చుని ఏడ్చాను. ఎందుకేడ్చానో తెలుసా? నీళ్ళ బాటిల్ పెట్టుకునే స్టాండు కిర్రుమంటోందని. నిజంగా దానికే ఏడ్చాను. ఒంట్లో చక్కెర పడిపోతే మెదడు అట్లాగే పనిచేస్తుంది.

అక్కడ మేకలు మేపుకుంటున్న ఒక ముసలమ్మ వచ్చి, "ఏమైంది బిడ్డా? ఏమన్న తిన్నవా?" అంది. తినలేదన్నాను. ఆమె స్టీలు డబ్బా మూత తీసింది. పచ్చిపులుసు కలిపిన చల్లటి అన్నం, పక్కన ఉల్లిగడ్డ ముక్క. సగం నాకు పెట్టింది. తిని, నీళ్ళు తాగి, పావుగంట, ఇరవై నిమిషాలు చెట్టుకి ఆనుకుని కూర్చున్నాను. మెల్లగా లోకం మళ్ళీ కనిపించింది. లేచి తొక్కుకుంటూ వచ్చాను, ఇంకా ఇరవై నిమిషాలు మిగిలుండగానే చివరి ముద్ర వేయించుకున్నాను. ఆరు జెల్లులూ జేబులోనే ఉన్నాయి.

ఆమె పొలానికి తెచ్చుకున్నది సద్ది. మా అమ్మమ్మ నాట్లకి పోతూ మూట కట్టుకున్నదీ అదే. నేను ఇంటర్నెట్‌లో ఆరు నెలలు వెతికిన సంగతి ఆ డబ్బాలో ఉంది.

ఇప్పుడు కొంచెం లెక్కలు. భయపడకండి, గుణకారం దాటి పోను. మన కండరాల్లో, కాలేయంలో కలిపి నాలుగు నుంచి అయిదు వందల గ్రాముల దాకా పిండిపదార్థం నిల్వ ఉంటుంది. గ్లైకోజెన్ అంటారు. కేలరీల్లో చెప్పాలంటే రెండు వేలకి కాస్త అటూ ఇటూ. మనం నిదానంగా తొక్కినా గంటకి నాలుగైదు వందల కేలరీలు ఖర్చు. కొవ్వు కూడా కొంత కరుగుతుంది కాబట్టి నిల్వ వెంటనే అయిపోదు. కానీ పోయకుండా తోడుతూ పోతే కుండ ఎప్పటికి ఖాళీ అవుతుందో మీరే చెప్పండి. నాకు వెల్దండ దగ్గర అయింది.

అందుకని గంటకి ముప్పై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలంటారు. పోటీల్లో తొక్కేవాళ్ళు తొంభై దాకా, కొందరు అంతకు మించీ పోతారు, దానికి పేగుల్ని నెలల తరబడి అలవాటు చేయాలి. మనం యాభై పట్టుకుందాం, లెక్క తేలిక. మామూలు అరటిపండులో పాతిక గ్రాములు ఉంటుంది. అంటే గంటకి రెండు పళ్ళు. పది గంటలకి ఎన్ని? (సభలోంచి: ఇరవై!) ఇరవై అరటిపళ్ళు! పదకొండో పండు దగ్గర మీరు సైకిల్ అమ్మేస్తారు. (నవ్వులు) కాబట్టి అరటిపండు మంచిదే, అదొక్కటే అయితే కుదరదు. వెనక జేబులో పెట్టుకుంటే గంటలో గుజ్జవుతుంది కూడా. దారిలో కొనుక్కుని అక్కడే తినండి.

మరి ఏం తీసుకెళ్ళాలి? నేను ఏ తిండికైనా మూడు పరీక్షలు పెడతాను. ఒంటి చేత్తో విప్పి తినగలనా? నోరు ఎండిపోయి ఉన్నప్పుడు గొంతు దిగుతుందా? ఎనిమిదో గంటలో కూడా దాని మొహం చూడబుద్ధవుతుందా? రెండోదే అసలు పరీక్ష, దుకాణంలో నిలబడి చూస్తే అది తెలియదు. ఇంట్లో ఒక పని చేయండి. మూడు అంతస్తులు గబగబా మెట్లెక్కి, రొప్పుతూ రొప్పుతూ, నీళ్ళు తాగకుండా ఆ వస్తువు నోట్లో పెట్టుకోండి. సకినం పెట్టుకుని చూడండి ఒకసారి. నేను చూశాను. పొడి గొంతులో ఇరుక్కుని దగ్గీ దగ్గీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సకినాలంటే ప్రాణం నాకు, సైకిల్ మీద మాత్రం వద్దు. మరమరాలు, అటుకుల మిక్స్చరు, ఉస్మానియా బిస్కెట్టు, అన్నీ ఈ పరీక్షలోనే పోతాయి. ఉస్మానియా బిస్కెట్టుకి చాయ్ తోడుంటే వేరే సంగతి. ఆగిన చోట ఇరానీ చాయ్‌లో ముంచుకుని నాలుగు తినండి, నేను కాదనను. పల్లెటూళ్ళ హోటళ్ళలో అది దొరకదు, పార్లే-జీ దొరుకుతుంది. దాన్నీ ముంచుకునే తినండి.

పల్లీ పట్టీ గురించి చాలామంది అడుగుతారు. బెల్లం, పల్లీలు, బలమే కదా అని. పల్లీల్లో దగ్గరదగ్గర సగం నూనె. నూనె ఎక్కువున్న తిండి కడుపులోంచి కదలడానికి టైం తీసుకుంటుంది. అప్పటికప్పుడు కాళ్ళకి కావాల్సింది బెల్లం, దాన్ని పల్లీలు పట్టుకుని కూర్చుంటాయి. పైగా గట్టిది, రొప్పుతూ నమలడం కష్టం. ఒకటో రెండో జేబులో ఉంచుకోండి, చెట్టు కింద కూర్చున్నప్పుడు తినొచ్చు. సున్నుండలదీ అదే కథ, నెయ్యి ఎక్కువ. అరిసెలు కొంచెం నయం. చలికాలం మన రైడ్లు జోరుగా సాగే రోజుల్లోనే సంక్రాంతి అరిసెలు ఇంట్లో ఉంటాయి కాబట్టి మెత్తగా ఉన్నవి రెండు పట్టుకెళ్ళండి.

ఇక నా సద్దిమూట.

మనలో తెలంగాణ ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ, చెల్లెమ్మా, సద్దుల బతుకమ్మ రోజు ఏమేం చేస్తారు? (సభలోంచి: పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ, మలీద...) విన్నారా? చెరువు గట్టు దాకా మోసుకుపోయి, ఆడి ఆడి అలిసి, పళ్ళెం లేకుండా చేత్తో తినే తిండి. చల్లారినా రుచి పోదు, పొద్దున చేస్తే రాత్రికి కూడా బాగుంటుంది. ఒక్క పెరుగన్నం తప్ప మిగతావన్నీ నా మూడు పరీక్షలూ పాసవుతాయి. పెరుగన్నం ఎండకి పులుస్తుంది, దాన్ని రైడ్ ముందు రాత్రికి ఉంచండి.

పులిహోర నేను ఎలా కడతానో చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. మామూలుగా గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోస్తాం కదా, నేను రెండున్నర పోస్తాను. పండగ పులిహోరలా పొడిపొడిగా ఉండకూడదు, ముద్ద కట్టాలి. చింతపండు పులుసు చిక్కగా ఉడికించి, ఉప్పు ఇంటికన్నా కాస్త ఎక్కువ వేస్తాను. తాలింపులో ఆవాలు, ఇంగువ, చిదిమిన కరివేపాకు. నూనె సగమే. శనగపప్పు లేదు, పల్లీలు లేవు, ఎండు మిరపకాయ తుంపులు అసలే లేవు. మా అత్తగారు చూసి, "ఇది పులిహోరా, చంటిపిల్లల తిండా?" అన్నారు. చంటిపిల్లల తిండే! రొప్పుతూ తినేవాడికి పళ్ళ కింద గట్టివి తగిలితే పొలమారుతుంది. ఎదురుగా లారీ వస్తుంటే పొలమారితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

పూర్తిగా ఆరాక పెద్ద నిమ్మకాయంత ముద్దలు చేస్తాను. ఒక్కోటి యాభై అయిదు గ్రాములు తూగుతుంది, నేను తూచాను. (నవ్వులు) నవ్వకండి, లెక్కల టీచర్ని. వండిన అన్నం వంద గ్రాముల్లో ఇరవై ఎనిమిది గ్రాముల దాకా పిండిపదార్థం, అంటే ముద్దకి పదిహేను. గంటకి మూడు ముద్దలు తింటే పని అయిపోయినట్టే. అరటాకు ఈనె తీసేసి, ముక్కలు చేసి, పొయ్యి సెగ మీద అటూ ఇటూ వాడ్చాలి. వాడ్చకపోతే మడతలో చిరుగుతుంది. వాడిన ఆకు బట్టలా మడత పడుతుంది. ముద్దని పెట్టి నాలుగు వైపులా మడిచి, మడత కిందికి వచ్చేలా హ్యాండిల్‌బార్ సంచిలో వరసగా పెట్టుకుంటాను. ఒక చేత్తో తీసి, మడత పంటితో లాగితే చాలు.

అన్నం ముద్దలంటే నామోషీ పడేవాళ్ళకి ఒక మాట. యూరప్‌లో పెద్ద సైకిల్ పోటీల జట్లు ఏం తింటాయో తెలుసా? మెత్తగా ఉడికించిన అన్నంలో చక్కెర, మెత్తటి చీజ్ కలిపి, ముక్కలుగా కోసి, వెండిరంగు రేకులో చుట్టి రైడర్ల జేబుల్లో పెడతారు. రైస్ కేక్ అంటారు. మనకి అరటాకు ఉంది, చింతపండు ఉంది. మనదే బాగుంటుందని నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

రెండోది మలీద. రాత్రి మిగిలిన గోధుమ చపాతీలు రెండు తుంపి, చేత్తో బాగా నలిపి, నలభై గ్రాముల బెల్లం తురిమి, ఒక చెంచా నెయ్యి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. నలిపితే బెల్లం చెమ్మకి ముద్దవుతుంది. నాలుగు ముద్దలు వస్తాయి, ముద్దకి పద్దెనిమిది ఇరవై గ్రాముల పిండిపదార్థం. జొన్నరొట్టెతో కూడా చేస్తారు, ఇంట్లో తినడానికి అదే రుచి, రైడ్‌లో పొడారిపోతుంది. బెల్లానికి ఇంకో సుగుణం ఉంది. గ్లూకోజూ ఫ్రక్టోజూ పేగుల్లో వేర్వేరు దారుల్లో లోపలికి పోతాయి. ఒక్క గ్లూకోజే అయితే గంటకి అరవై గ్రాముల దగ్గర దారి నిండిపోతుంది. బెల్లంలోనైనా చక్కెరలోనైనా గ్లూకోజూ ఫ్రక్టోజూ రెండూ కలిసే ఉంటాయి. ఖరీదైన ప్యాకెట్ల మీద ఇదే సంగతి పెద్ద అక్షరాల్లో వేసి అమ్ముతారు.

మూడోది కందగడ్డ. ఆంధ్రా వాళ్ళు తొందరపడకండి! మీ కంద కాదు. మీరు చిలగడదుంప అంటారే, గెనుసుగడ్డ, అది. మేం శివరాత్రికి ఉడకబెట్టుకుంటాం. ఒకసారి భీమవరం నుంచి వచ్చిన తమ్ముడికి "ఉడకబెట్టిన కందగడ్డ పట్టుకురా" అని మెసేజ్ పెట్టాను. పాపం నిజంగా కంద ఉడకబెట్టుకొచ్చాడు. నలుగురం నోరు దురద పెడుతూ భువనగిరి దాకా తొక్కాం. (చాలాసేపు నవ్వులు) కందగడ్డ ఉడికించి, తొక్క తీసి, ఉప్పు చల్లి డబ్బాలో పెట్టుకోండి. వంద గ్రాములకి ఇరవై గ్రాముల పిండిపదార్థం. మెత్తన, నోరు ఎండినా జారుతుంది.

ఇవి కాక గింజ తీసిన ఖర్జూరాలు. గింజ ముందే తీయాలి. తొక్కుతూ గింజ ఉమ్మితే వెనకవాడి మొహాన పడుతుంది. ఆ వెనకవాణ్ణి నేనే ఒకసారి.

సీతాఫలం సంగతి కూడా చెప్పేస్తాను. దసరా, దీపావళి రోజుల్లో మన మహబూబ్‌నగర్ వైపు రోడ్ల పక్కన గంపలు పెట్టుకుని కూర్చుంటారు, చూస్తే ఆగబుద్ధవుతుంది. ఆగండి. కూర్చుని తినండి. సైకిల్ మీద తినే పండు కాదది.

ఏది ఎప్పుడు తినాలి? ఆకలయ్యేదాకా ఆగొద్దు. ఆకలయిందంటే ఇప్పటికే ఆలస్యమయిందని. నేను ఫోన్‌లో ప్రతి ఇరవై నిమిషాలకీ గంట పెట్టుకుంటాను, మోగితే ఒక ముద్ద. కొండ ఎక్కేటప్పుడు కాదు, ఎక్కబోయే ముందు. పొద్దుటి పూట మలీద, ఖర్జూరం, తీపి సరుకు. మధ్యాహ్నం దాటాక తీపి మొహం మొత్తుతుంది. అందరికీ మొత్తుతుంది, మీరేం ప్రత్యేకం కాదు. అప్పుడు పులిహోర బయటికి తీయాలి. ఆ పులుపు, ఆ ఉప్పు నాలుక మీద పడగానే ఇంకో యాభై కిలోమీటర్లు పోవచ్చనిపిస్తుంది. చాలామంది తిండి లేక ఆగిపోరు. సంచిలో తిండి ఉంటుంది, అన్నీ తియ్యవే. నోరు వద్దంటుంది, దాంతో తినడం మానేస్తారు, ఆగిపోతారు.

నీళ్ళు. నల్ల టీషర్టు మీద తెల్లగా చారలు కట్టడం చూశారా? అది ఒంట్లోంచి పోయిన ఉప్పు. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్ళు లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుస్తుంది, తలనొప్పి, వికారం. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. నేను ముప్పావు లీటరు బాటిల్‌లో ఒక నిమ్మకాయ, మూడు టేబుల్ స్పూన్ల చక్కెర, పావు టీస్పూన్ ఉప్పు వేస్తాను. చక్కెరే ముప్పై అయిదు గ్రాములు, అది కూడా మీ యాభైలో లెక్కే. రెండో బాటిల్‌లో ఒట్టి నీళ్ళు. కొబ్బరి నీళ్ళు మంచివే, అందులో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు వేసుకోండి. మజ్జిగ దొరికితే ఉప్పేసి రెండు గ్లాసులు. చెరకు రసం తాగితే ఐసు వద్దనండి, ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో మనకి తెలియదు. ఓఆర్ఎస్ పొట్లం ఒకటి ఉంచుకోండి. కానీ లీటరుకి కలిపే పొట్లంలో గ్లూకోజు పదమూడున్నర గ్రాములే, అరటిపండులో సగం. అది నీళ్ళూ ఉప్పూ నిలబెట్టడానికి, ఆకలి తీర్చడానికి కాదు.

దాబా దగ్గర ఆగినప్పుడు మిర్చి బజ్జీ పిలుస్తుంది. బిర్యానీ పిలుస్తుంది. నేను ఒకసారి సాగర్ రోడ్డులో ఆ పిలుపు విన్నాను, తర్వాతి ముప్పై కిలోమీటర్లు ఏం జరిగిందో పొద్దున్నే మీకు చెప్పడం మర్యాద కాదు. ఇడ్లీ ఉంటే ఇడ్లీ తినండి. చట్నీ తక్కువ. ఒక్కో ఇడ్లీకి పది గ్రాముల పిండిపదార్థం లెక్క వేసుకోండి. రైడ్ రోజు తెల్లవారుజామున నాలుగింటికి నేను తినేదీ ఇడ్లీలే, నెయ్యి చక్కెర అద్దుకుని. చిన్నప్పుడు జ్వరం తగ్గాక అమ్మ పెట్టేది, కడుపుకి కొత్త కాదు.

ఈ రైడ్లకి పుట్టిల్లు లాంటిది పారిస్–బ్రెస్ట్–పారిస్. 1891లో మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి, 1200 కిలోమీటర్లు, పెద్ద గడువు తొంభై గంటలు. అది జరిగే సంవత్సరంలో 200, 300, 400, 600 కిలోమీటర్ల రైడ్లన్నీ పూర్తిచేస్తేనే అర్హత. మన దేశం నుంచి వందల మంది వెళ్ళొచ్చారు. 1910లో ఆ పోటీ పేరు మీద సైకిల్ చక్రం ఆకారంలో ఒక మిఠాయి కూడా చేశారక్కడ, నిండా క్రీము. తొక్కుతూ తినడానికి అంతకన్నా పనికిరాని వస్తువు లేదు! కానీ దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు ఇంటి ముందు బల్లలు వేసి, కాఫీ, నీళ్ళు, అట్లు పెడతారు. అది వింటే నాకు వెల్దండ ముసలమ్మే గుర్తొస్తుంది.

ప్రశ్నలా? చెప్పు బాబూ. (ఒకరు: మేడమ్, నాకు షుగర్ ఉంది. ఇవన్నీ తినొచ్చా?) ఆ మాట నేను చెప్పకూడదు. మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, "పదమూడు గంటలు తొక్కబోతున్నాను, మందు ఎంత, తిండి ఎంత" అని అడిగి రాయించుకోండి. పక్కన తొక్కేవాడికి కూడా మీ సంగతి తెలిసుండాలి.

(ఇంకొకరు: ఒంటి చేత్తో తినడం రావట్లేదు, పడిపోతానేమోనని భయం.) మంచి ప్రశ్న. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడ నేర్చుకోండి. కార్లు రావు. అక్కడ కూడా రాకపోతే ఆగి తినండి, నిమిషంలో ఏం కొంప మునగదు. అన్నట్టు శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక అడవిలో అసలు మూట విప్పొద్దు. మీరు విప్పేలోపు కోతులు విప్పేస్తాయి.

సరే, ఆ నీలం బుట్టలో నలభై ముద్దలున్నాయి. పైన పులిహోర, కింద మలీద. ఒక్కొక్కరు ఒకటి తీసుకుని, సైకిలెక్కి, ఈ గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు కొట్టి, తొక్కుతూనే తిని రండి. ఖాళీ ఆకు కింద పడేయకుండా జేబులో పెట్టుకొచ్చి నాకు చూపించాలి. ఆకు లేకుండా వచ్చినవాళ్ళకి ఇంకో రౌండు.